టేకాఫ్ మధ్యలో బ్రేకులు పడ్డాయి... తర్వాత రెండు నిమిషాలు కెప్టెన్ ఎందుకు మాట్లాడలేదు?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. శంషాబాద్ నుంచి విశాఖ వెళ్లాల్సిన విమానం రన్‌వే మీద పరుగందుకుంది. ఇక లేస్తుందనగా ఒక్కసారిగా బ్రేకులు పడ్డాయి, మీ అమ్మగారి నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. ఆగాక రెండు నిమిషాల దాకా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫైరింజన్లు వచ్చాయి గానీ తలుపులు తెరవలేదు. చివరికి ‘సాంకేతిక కారణాల వల్ల’ అనే ఒక్క ముక్కతో సరిపెట్టారు. పైలట్ కంగారుపడ్డాడా, మమ్మల్ని వెంటనే ఎందుకు దించలేదు, మళ్లీ విమానం ఎక్కనంటున్న అమ్మకి ఏం చెప్పాలి అని అడిగారు.

నేను బేగంపేటలో ఫ్లయింగ్ నేర్చుకున్నవాణ్ణి. ఎయిర్‌లైన్‌లో 22 ఏళ్లు, అందులో ఎక్కువ భాగం ఎయిర్‌బస్ 320 మీద. ఇలా టేకాఫ్ ఆపేయడం సిమ్యులేటర్‌లో లెక్కలేనన్నిసార్లు చేశాను. నిజం విమానంలో, వెనకాల మనుషుల్ని పెట్టుకుని చేసింది ఒక్కసారే. ముందే ఒక మాట చెప్తాను, మీకు వింతగా అనిపించొచ్చు. మీరు భయపడిన ఆ బ్రేకుల ఘట్టం మాకు సులువైన భాగం. మీకు ఏమీ జరగనట్టు అనిపించిన ఆ రెండు నిమిషాలే అసలు పని.

బ్రేకుల సంగతి ముందు తేల్చేస్తాను. టేకాఫ్ పరుగులో మాకు రెండు గీతలుంటాయి. మొదటిది ఎయిర్‌బస్‌లో 100 నాట్లు, బోయింగ్‌లో 80 నాట్లు. (నాట్లంటే వరినాట్లు కాదు లెండి. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 100 నాట్లంటే 185 కిలోమీటర్ల స్పీడు.) ఆ గీత లోపల చిన్న తేడా కనిపించినా ఆపేస్తాం. దాటాక చిన్నాచితకా వాటికి ఆపం. మంట, ఇంజన్ శక్తి పడిపోవడం, విమానం అసలు ఎగరదేమో అనిపించే లోపం, ఇలాంటివాటికే ఆపుతాం. టైరు పేలినా, రెండో గీత దగ్గరపడిన తర్వాతైతే ఎగిరిపోవడమే మేలు. పేలిన టైరుతో ఆపడం కంటే ఎగిరి, తాపీగా ఆలోచించుకుని దిగడం నయం. విమానం కూడా అప్పుడు తన నోరు మూసుకుంటుంది. 80 నాట్లు దాటితే, ఎగిరి కాస్త ఎత్తుకు వెళ్లేవరకూ చాలా హెచ్చరికల్ని అదే తొక్కిపెట్టేస్తుంది, అనవసరంగా మా మనసు చెదరకుండా.

రెండో గీత పేరు వీ1. దీన్ని ‘నిర్ణయం తీసుకునే వేగం’ అని చాలామంది రాస్తారు. ఆ మాటతోనే తికమక మొదలవుతుంది. వీ1 వచ్చేసరికి ఆలోచన అయిపోయి, ఆపడానికి చెయ్యి కదిలి ఉండాలి. కదల్లేదా, ఇక ఎగరడమే. ఒక ఇంజన్ పోయినా సరే, రెండోదానితో లేచి, చుట్టూ తిరిగొచ్చి దిగుతాం. మీరెప్పుడైనా కాక్‌పిట్ వీడియో చూస్తే గమనించండి. టేకాఫ్ పరుగులో కెప్టెన్ చెయ్యి థ్రస్ట్ లివర్ల (ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే పిడులు) మీదే ఉంటుంది, విమానం నడిపేది పక్కనుండే రెండో పైలట్, అంటే ఫస్ట్ ఆఫీసరైనా సరే. ‘వీ వన్’ అని వినగానే ఆ చెయ్యి తీసేస్తాడు. అలా తియ్యడం వెనక లెక్క ఉంది. చెయ్యి అక్కడే ఉంటే వెనక్కి లాగాలనే బుద్ధి పుడుతుంది.

వీ1 ఎంతన్నది ప్రతి టేకాఫ్‌కీ విడిగా లెక్కకట్టాలి. బరువు, ఎండ, గాలి, రన్‌వే పొడవు, తడి పొడి అన్నీ చూస్తాం. మన శంషాబాద్ పెద్ద రన్‌వే 4260 మీటర్లు, దేశంలో పొడవైనవాటిలో ఒకటి. అంత జాగా ఉంటే ఎక్కడైనా ఆపుకోవచ్చు కదా అని మీరనొచ్చు. కానీ శంషాబాద్ సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది. మా ముందున్న మీటరు 140 నాట్లు చూపిస్తుంటే, చక్రాలు నేల మీద దాదాపు 150 నాట్లతో దొర్లుతుంటాయి. 140 నాట్లంటేనే సెకనుకు 72 మీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్లతో పోయే కారుకి రెట్టింపు కన్నా ఎక్కువ, బరువేమో 70 టన్నులు. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుందని ఇంటర్‌లో చదివే ఉంటారు. 80 నాట్ల దగ్గర ఆపడానికీ 140 దగ్గర ఆపడానికీ తేడా మూడింతలు.

అందుకే ఎక్కువ స్పీడులో ఆపడం అరుదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, విమానాలు తయారుచేసే కంపెనీలు కలిసి 1990లలో ఒక శిక్షణ గ్రంథం తయారుచేశాయి. దాని లెక్కన సుమారు 3000 టేకాఫ్‌లకు ఒకటి ఇలా ఆగుతుంది. ఆగినవాటిలో నాలుగింట మూడొంతులు 80 నాట్ల లోపే ఆగాయి. 120 దాటాక ఆగినవి నూటికి రెండు. అసలు విషయం ఏమిటంటే, ప్రమాదాలుగా మారినవాటిలో సగానికి పైగా వీ1 దాటిపోయాక ఆపబోయినవే.

దీనికీ ఒక మినహాయింపు ఉంది, నాకు చాలా ఇష్టమైన కేసు. 2017 మార్చి 8న అమెరికాలో, మిషిగన్‌లోని యిప్సిలాంటిలో ఒక ఎండీ-83 విమానం వీ1 దాటింది. పైలట్ ముక్కు లేపడానికి వెనక్కి లాగాడు, అది కదల్లేదు. పార్క్ చేసి ఉన్నప్పుడు ఈదురుగాలికి తోక మీది ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే పలక) బిగుసుకుపోయింది, బయటికి చూస్తే తెలియదు. ఎగరని విమానాన్ని ఎగరేయడం ఎవరివల్లా కాదు. ఆపేశాడు. రన్‌వే చివర దాటి పొలంలోకి దూసుకెళ్లింది. 116 మంది ఉన్నారు, అందరూ బతికారు. దర్యాప్తు చేసిన అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఆ నిర్ణయాన్ని మెచ్చుకుంది.

సరే, ఇప్పుడు నా కథ. 2020లో లాక్‌డౌన్ తర్వాత, మే 25న దేశంలో విమానాలు మళ్లీ మొదలయ్యాయి గుర్తుందా? ఆ తర్వాత కొన్ని వారాలకి, శంషాబాద్ నుంచి తిరుపతి. ప్రయాణికులందరికీ మాస్కులు, ముఖానికి ప్లాస్టిక్ షీల్డులు. మధ్య సీట్లలో వాళ్లకి తెల్ల గౌన్లు. అందరూ ఆపరేషన్ థియేటర్‌కి పోతున్నట్టుండేది. ఆ విమానం చాలా వారాలుగా కదలకుండా ఉండి బయటికొచ్చింది.

ఆ రోజు నడిపేది ఫస్ట్ ఆఫీసర్, మా కరీంనగర్ వైపు కుర్రాడు. నా పని స్పీడు చూసి చెప్పడం. ‘వన్ హండ్రెడ్’ అన్నాను. ‘చెక్డ్’ అనాలి తను. రోజుకు నాలుగుసార్లు వినే మాట అది, ఊపిరిలా వచ్చేస్తుంది. రాలేదు. నిజానికి అర సెకను కూడా ఉండదేమో. కానీ మాట రావాల్సిన చోట మాట రాకపోతే ఎంత పెద్దగా వినిపిస్తుందో ఆ రోజు తెలిసింది. అతని మీటర్ వైపు చూశాను. నాది వంద చూపిస్తుంటే అతనిది 60 దగ్గర వేలాడుతోంది. ‘స్టాప్’ అన్నాను. అనేసరికే లివర్లు వెనక్కి వచ్చేశాయి. నా చెయ్యే లాగింది గానీ నేను లాగినట్టు గుర్తులేదు.

‘స్టాప్’ అన్న మాటతోనే విమానం కెప్టెన్ చేతిలోకి వస్తుంది, వేరే ఏమీ చెప్పక్కర్లేదు. లివర్లు ఐడిల్‌కి, అంటే కనిష్ఠ శక్తికి రాగానే రెక్కల మీద స్పాయిలర్లనే పలకలు లేస్తాయి, వాటితోపాటే ఆటోబ్రేక్ పూర్తి బలంతో పట్టేస్తుంది. మీకు ముందుకు తోసేసినట్టు అనిపించింది అదే. ఆ వెంటనే రివర్స్, అంటే ఇంజన్ గాలిని ముందుకు మళ్లించడం. హోరుమన్న శబ్దం దాంతోనే వస్తుంది, చాలామంది ఇంజన్ పేలిందనుకుంటారు. ఆ పక్కన ఫస్ట్ ఆఫీసర్ రివర్స్ వచ్చిందా, వేగం తగ్గుతోందా అని చూసి పైకి చెప్తాడు, టవర్‌కి ఒక్క ముక్కలో కబురు పెడతాడు. మొత్తం ఇరవై, పాతిక సెకన్ల తతంగం. ఆలోచన అందులో పెద్దగా ఉండదు. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో రుద్ది రుద్ది కండరాల్లోకి ఎక్కించేసిన పని. దేనికి ఆపుతాం, దేనికి ఆపం అన్నది ప్రతి టేకాఫ్ ముందూ ఇద్దరం చెప్పుకుని ఉంటాం కూడా. కాబట్టి మీ పైలట్ కంగారుపడి తొక్కేశాడన్న అనుమానం పక్కన పెట్టేయండి. కంగారు పుట్టడానికి కూడా ఆ వ్యవధి చాలదు.

కంగారుకి టైం దొరికేది ఆగాక.

విమానం ఆగింది. పార్కింగ్ బ్రేక్ వేశాను. కాక్‌పిట్‌లో ఏదో కాలినట్టు సన్నగా వాసన, బ్రేకులది. కాఫీ కప్పు ఎక్కడిదో నా కాలి దగ్గరికి దొర్లుకొచ్చింది. ఇక్కడ మనిషికి రెండు దుర్బుద్ధులు పుడతాయి. ఒకటి, రన్‌వే ఖాళీ చెయ్యాలి, వెనక విమానాలున్నాయి, పక్కకి తిప్పేద్దాం అని. రెండోది, ఎందుకొచ్చిన గొడవ, తలుపులు తీసి అందర్నీ దింపేద్దాం అని. రెండింటికీ మనుషులు ప్రాణాలతో, ఎముకలతో మూల్యం చెల్లించారు.

మొదటిదానికి ఉదాహరణ మాంచెస్టర్, 1985 ఆగస్టు 22. బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ బోయింగ్ 737 టేకాఫ్ పరుగులో ధన్ మని శబ్దం. టైరు పేలిందనుకుని ఆపారు. టైరేమో అన్న అనుమానంతో బ్రేకులు కూడా మెల్లగా వేశారు, తర్వాత రన్‌వే నుంచి పక్కకి తిప్పారు. నిజానికి ఇంజన్‌లో ఒక భాగం పగిలి రెక్కలోని ఇంధన ట్యాంకుకి చిల్లు పెట్టింది, అప్పటికే మంట అంటుకుంది. పక్కకి తిప్పి ఆపిన చోట గాలి ఆ మంటని నేరుగా విమానం మీదికే తోసింది. 137 మందిలో 55 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగకే. ఈ రోజు విమానంలో నడవ పక్కన వెలిగే లైట్ల గీత, తొందరగా అంటుకోని సీట్ల గుడ్డ లాంటి మార్పులు గట్టిపడటంలో ఆ ప్రమాదానికి పెద్ద పాత్ర ఉంది. అందుకే ఇప్పుడు మేం రన్‌వే మీదే ఆపేస్తాం. వెనక వాళ్లు చుట్టూ తిరుగుతారు, తిరగనీ. మంట ఉంటే గాలి ఎటు వీస్తోందో ముందు చూసుకుంటాం.

రెండోదానికి చికాగో, 2016 అక్టోబర్ 28. అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 767. కుడి ఇంజన్‌లో టర్బైన్ డిస్క్ పగిలి మంటలు లేచాయి. పైలట్లు సరిగ్గానే ఆపారు, అందరూ బతికారు. అయితే కిటికీలోంచి మంట కళ్లముందే కనబడుతుంటే కేబిన్ క్రూ ఆగలేదు, ఆగమనడం కూడా న్యాయం కాదు. ఎడమ తలుపులు తీశారు. అప్పటికి ఎడమ ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. కిందికి దిగిన ఒకరిని ఆ ఇంజన్ గాలి ఎత్తి పడేసింది, బాగా దెబ్బలు తగిలాయి. కాక్‌పిట్‌కీ కేబిన్‌కీ మాట కలవకపోవడం మీద, చెక్‌లిస్ట్ మీద దర్యాప్తులో గట్టిగానే రాశారు.

కాబట్టి మీరు చీకట్లో కూర్చోబెట్టారనుకున్న ఆ రెండు నిమిషాల్లో లోపల జరిగేది ఇది. స్క్రీన్ మీద మంట హెచ్చరిక ఉందా? ఇంజన్ల అంకెలు మామూలుగా ఉన్నాయా? టవర్‌కి మా రెక్కలు, చక్రాలు కనిపిస్తాయి, మాకు కనిపించవు. ‘పొగ గానీ మంట గానీ కనిపిస్తోందా’ అని వాళ్లనే అడుగుతాం. ఫైర్ సిబ్బందితో నేరుగా మాట్లాడతాం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వాళ్లు రన్‌వేలో ఏ మూలకైనా మూడు నిమిషాల్లోపు చేరాలి, రెండులో చేరితే మరీ మంచిది. వాళ్లు రావడం చూసి మీ అమ్మగారు హడలిపోయారన్నారు. పిలవకపోయినా వస్తారు, అది వాళ్ల డ్యూటీ.

ఈలోగా వెనక కేబిన్ క్రూ ఏం చేస్తుంటారంటారా? ఆగిన వెంటనే స్పీకర్‌లో ‘అటెన్షన్, క్రూ ఎట్ స్టేషన్స్’ అని వినపడి ఉంటుంది. మీకది అర్థంలేని ఇంగ్లిష్ ముక్క. వాళ్లకి మాత్రం ‘తలుపుల దగ్గర నిలబడండి, నేను చెప్పేవరకూ తెరవొద్దు, బయట చూస్తూ ఉండండి’ అని మూడు వాక్యాలు. ఆ అమ్మాయి తలుపు అద్దానికి నుదురానించి బయటికి చూస్తూ నిలబడిందని మీరు రాశారు చూడండి, భయపడి కాదు. తన వైపు మంట ఉందా, ఇంజన్ తిరుగుతోందా, స్లైడ్ (గాలితో ఉబ్బే జారుడుబల్ల) పడే చోట ఏమైనా అడ్డం ఉందా అని చూస్తోంది. ప్రతి టేకాఫ్‌లోనూ మడత సీటులో చేతులు తొడల మీద పెట్టుకుని కదలకుండా కూర్చుంటారే, అప్పుడు కూడా మనసులో ఇదే వల్లెవేసుకుంటారు. తలుపు ఎలా తెరవాలి, ఏమని అరవాలి, పక్కన సాయం చేసేవాళ్లెవరు అని.

తలుపు తెరిస్తే మెట్లు రావు, స్లైడ్ ఉబ్బుతుంది. దాని మీదుగా దిగడం సరదా వ్యవహారం కాదు. పెద్దవాళ్ల మడమలు విరుగుతాయి, చేతులు గీరుకుపోతాయి. మీ అమ్మగారి మోకాళ్ల నొప్పులు మీకే తెలుసు. మంట లేనప్పుడు అరవై, డెబ్బయ్యేళ్ల మనుషుల్ని ఆ ఎత్తు నుంచి కిందికి దింపడం అంటే, లేని ప్రమాదం నుంచి తప్పించబోయి ఉన్న ప్రమాదంలోకి నెట్టడమే. అదే మంట ఉంటే ఆ ఎముకల లెక్క ఎవరూ చూడరు. ‘ఇవాక్యుయేట్’ అన్న మాట వచ్చిందంటే బ్యాగు, చెప్పులు, ల్యాప్‌టాప్ ఏమీ ముట్టుకోకుండా లేవాల్సిందే. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో మంటల్లో చిక్కుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. సామాన్లు వదిలేసి రావడం అందులో పెద్ద కారణం. 2016లో తిరువనంతపురం నుంచి వెళ్లి దుబాయ్‌లో కాలిపోయిన విమానం లోపలి వీడియో కూడా చూసే ఉంటారు. జనం పైనుంచి బ్యాగులు లాగుతున్నారు. అది చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

దింపకుండా ఉంచడానికి ఇంకో కారణం బ్రేకుల వేడి. ఆగిన క్షణంలో కన్నా పది, పదిహేను నిమిషాల తర్వాత ఆ వేడి ఎక్కువ చూపిస్తుంది, లోపలి వేడి బయటికి రావాలి కదా. మా 320లో 300 డిగ్రీలు దాటితే హాట్ అని లైటు వెలుగుతుంది, అలాగే మళ్లీ టేకాఫ్‌కి వెళ్లకూడదు. మరీ ఎక్కువైతే చక్రాల్లో ఉండే చిన్న ప్లగ్గులు కరిగి టైర్లలో గాలి దానంతటదే దిగిపోతుంది, పేలకుండా. ఫైర్ సిబ్బంది చక్రానికి పక్కనుంచి వెళ్లరు, ముందు నుంచో వెనక నుంచో వెళ్తారు. పేలితే ముక్కలు పక్కలకే ఎగురుతాయి. అలాంటి చక్రాల మధ్యలోంచి ప్రయాణికుల్ని నడిపించమంటారా?

ఇంతా చెప్పి నా తప్పు దాచుకోవడం బాగోదు. ఆ తిరుపతి విమానంలో ‘క్రూ ఎట్ స్టేషన్స్’ అని వెంటనే అన్నాను. హెచ్చరికలు చూశాం, టవర్‌తో, ఫైర్ వాళ్లతో మాట్లాడాం. మంట లేదని తేలింది. ‘ప్రయాణికులు సీట్లలోనే కూర్చోండి’ అని వెంటనే చెప్పాలి కదా? నేను ఆ మీటర్ల తేడా ఏమిటా అని ఫస్ట్ ఆఫీసర్‌తో మాటల్లో పడ్డాను. ఇంజనీరు బుర్ర, ఏం చేస్తాం. వెనక ఒకాయన లేచి పై అర తెరిచాడట, ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు. మా కేబిన్ ఇన్‌చార్జి గొంతు చించుకుని కూర్చోబెట్టింది. పార్కింగ్ బేకి తిరిగొచ్చాక నాతో ఒక్కటే అంది: ‘సార్, మీరు ఏం చెప్పకపోయినా ఫర్లేదు, మీ గొంతు వినపడితే చాలు. గొంతు లేకపోతే మీకేదో అయిందనుకుంటారు.’ నిజమే. మీ కెప్టెన్ మీద మీ ఫిర్యాదులో ఆ మేరకు న్యాయం ఉంది. మొదటి నిమిషం ఆయనది. తర్వాతది మీది. ‘ఆపాం, మంట లేదు, కూర్చోండి’ అని తెలుగులోనో హిందీలోనో మూడు ముక్కలు చెప్పడానికి పది సెకన్లు చాలు. ‘సాంకేతిక కారణాలు’ అన్న మాటని మాత్రం నేను కూడా సమర్థించను. పైలట్‌కి అప్పటికి పూర్తి కారణం తెలియకపోవచ్చు, కానీ ‘స్పీడు మీటర్లలో తేడా వచ్చింది, అందుకే ఆపాం’ అంటే ఎవరూ మూర్ఛపోరు.

మా విమానంలో ఏమైందో తెలుసా? స్పీడు తెలియడానికి విమానం ముక్కు పక్కన చిన్న గొట్టాలుంటాయి, పిటో ట్యూబులంటారు. ఫస్ట్ ఆఫీసర్ వైపు గొట్టంలో కందిరీగ మట్టితో గూడు కట్టింది. కవర్లు వేసే ఉంచామన్నారు. ఎప్పుడు తీశారో, ఎప్పుడు దూరిందో. ఇంజనీరు లోపలి నుంచి తీసిన ఎర్రమట్టి ముక్క కందిగింజంత ఉంది. నవ్వులాట కాదు, ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టుకి ఈ కందిరీగలు పెద్ద తలనొప్పి. 2013 నవంబర్‌లో అక్కడ ఎతిహాద్ ఏ330 సరిగ్గా ఇలాగే, స్పీడు తేడా వచ్చి టేకాఫ్ ఆపేసింది. సరిచేశామనుకుని మళ్లీ బయల్దేరింది, వీ1 దాటాక మళ్లీ అదే తేడా కనిపించింది, ఎగిరి, తిరిగొచ్చి దిగింది.

ఇక అమ్మగారి సంగతి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలిన తర్వాత మా ఇంట్లోనే మా అత్తగారు రైలే నయం అంటున్నారు. మీ అమ్మగారిని నేను తప్పుపట్టను. వాళ్లకి లెక్కలు చెప్పకండి. ఒకటే చెప్పండి: ఆ రోజు ఆగిన విమానం ఎగరకుండా ఆగింది. పైలట్ చెయ్యి అందుకోసమే ఆ లివర్ల మీద ఉంది. ఈసారి ఉదయం విమానం చూడండి. రెక్కల దగ్గర సీటు తీసుకోండి, అక్కడ కుదుపు తక్కువ. సీటు బెల్టు నడుముకి కింద, బిగుతుగా కట్టండి. నుదురు కొట్టుకుందంటే బెల్టు వదులుగా ఉండి ఉంటుందని నా అనుమానం. ఎక్కేటప్పుడు కేబిన్ క్రూతో ‘మా అమ్మకి భయం, పోయినసారి రన్‌వే మీద ఆగింది’ అని చెప్పండి. వీలుంటే వాళ్లలో ఒకరు వచ్చి పక్కన కాసేపు కూర్చుంటారు. మా ఇన్‌చార్జి ఆ రోజు తిరుపతి విమానంలో అదే చేసింది. నాలుగు గంటల తర్వాత ఇంకో విమానంలో ఎక్కించినప్పుడు, మొదట పై అర తెరిచిన ఆయన పక్కనే కూర్చుని, విమానం కదిలేదాకా ఆయన మనవళ్ల కబుర్లు విందట.